ప్రశ్న యడుగనిచ్చిన గురువు

(ఒక గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాసము)



ఈ సాయంకాలము నేను మాటలాడబూనిన విషయము పరిశోధన విద్య. మన విశ్వవిద్యాలయములలో పెద్ద చదువు ముగించి పరిశోధకులుగా చేరిన యువతీయువకులలో కొందఱు తుదిముట్ట నెగ్గుచున్నారు. కొందఱు నడుమనే నిలిచిపోవుచున్నారు. ఈ భేదమునకు ముఖ్యకారణ మేది? భవనములా? యంత్రములా? వేతనములా? ఇవి యన్నియు వలసినవే. కాని వీని కన్నింటికిని మించిన దొకటి గలదని నా మనవి. అది విద్యార్థికిని, అతని పనిని పర్యవేక్షించు ఆచార్యునకును గల సంబంధము.

పరీక్షకు చదువు విద్యార్థికి దారి తెలియును. పుస్తకమున్నది, ప్రశ్నకు సమాధాన మెక్కడనో వ్రాసియున్నది, ఉపాధ్యాయు డది యెఱుగును. పరిశోధనమందలి స్థితి వేఱు. అచ్చట సమాధానము గురువునకును తెలియదు. తెలిసినయెడల నది పరిశోధనమే కాదు. ఆఱునెలలు చేసిన పని యొక్క దినమున వ్యర్థమని తేలవచ్చును. అట్టి దినమున విద్యార్థి లోపము తనయందే యున్నదని తలంచి క్రుంగిపోవును. 'ఈ దారి యిట్టిదే. నేనును ఇట్లే తడబడి నడిచితిని' అని చెప్పువా డొక్కడు ప్రక్కన నుండవలెను. ఆ మాట విన్నవాడు నిలుచును. విననివాడు మూట గట్టుకొని యింటికి బోవును.

నే నెఱిగిన యొక యువకుడు మగ్గముపై బ్రతికిన యింటినుండి వచ్చినవాడు. ఆ యింట మొట్టమొదటి పట్టభద్రు డతడే. పరిశోధనకు చేరి, రెండు సంవత్సరములు కష్టించి, మొదటి యధ్యాయమును వ్రాసి, ఆచార్యుని బల్లపై నుంచెను. పదినెలలు గడచిన పిమ్మట నా కాగితములు, కట్టిన దారము విప్పకయే, అతనికి మరల దొరకెను. అతడు కోపింపలేదు, ఎవ్వరితోడను చెప్పుకొనలేదు, చదువు మానుకొనెను. నేడొక దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. అతని తెలివికి లోటు లేదు. అతని వ్రాతను చదువువా డొక్కడు లేకపోయెను, అంతియే.

ఇక మఱియొక కథ వినుడు. ఇది మనవారి కథయే.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, నాటి మద్రాసు రాజధానిలోని హడగలిలో, ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తలిదండ్రులకు ఎనిమిదవ సంతానము గనుక కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసుశాఖలో ఉద్యోగి. తల్లి లక్ష్మీకాంతమ్మగారు వేకువజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి, చదువునకు గూర్చుండబెట్టెడివారు. ఆయన తొలి గురువు ఆమెయే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితమున పట్టము పొందిన పిమ్మట ఉద్యోగము వెదకికొనుచు కలకత్తా కేగిరి. ఆ యుద్యోగము దొరకలేదు. కాని ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు స్థాపించిన భారత సంఖ్యాశాస్త్ర సంస్థ యచ్చట గలదని తెలిసికొని, 1941 జనవరిలో నందు చేరిరి. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రమందే పట్టమును పొంది, వెంటనే యచ్చట పాఠము చెప్ప నారంభించిరి.

అది 1944వ సంవత్సరము. అప్పటి కాయన కించుమించు ఇరువదినాలుగేండ్లు. ఆనాటి పాఠ మేమియో సులభముగా చెప్పెదను. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన యిండ్లలో ఒక్క మెతుకు పట్టి చూతురు గదా! కొంచెమును చూచి మొత్తమును ఊహించుటయే సంఖ్యాశాస్త్రము. అట్టి యూహలో కొంత పొరపాటు తప్పదు. ఎంత నేర్పరి యైనను ఆ పొరపాటును ఏ మేరకు తగ్గింపగలడు? చూచిన మెతుకు లసంఖ్యాకములైనపు డా మేర యేదియో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఫిషరు చెప్పియుండెను. దానినే రావుగారు బోధించుచుండిరి. అంతట దండేకరను విద్యార్థి, 'మెతుకులు కొన్నియే యైనయెడల నా మేర యేది?' అను నర్థము వచ్చునట్లు ప్రశ్నించెను.

గురువునకు సమాధానము తెలియదు. అట్టి సమయమున కొందఱు గురువులు 'అది నీ పాఠములోనిది కాదు, కూర్చుండుము' అందురు. రావుగారట్లనలేదు. ఆ రాత్రి కూర్చుండి లెక్క కట్టిరి. మఱునాడు తరగతిలో సమాధానము చెప్పిరి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో ప్రచురింపబడిన వారి వ్యాసమందు చేరిన దీ సమాధానమే. స్వీడను దేశపు క్రామరు వేఱుగా నీ ఫలితమునే కనుగొనుటచే దానికి క్రామర్–రావు నియమమని పేరు వచ్చినది. నేడు లోకమున సంఖ్యాశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు దానిని నేర్చుచున్నాడు.

దీనిలో గమనింపదగిన విశేషము మఱియొకటి గలదు. రావుగారు తరువాతి కాలమున ఈ వృత్తాంతమును చెప్పినపుడు ఆ ప్రశ్న దండేకరుదని చెప్పెడివారు. శిష్యుని ఋణమును దాచుకొనలేదు. ఆ దండేకరును సామాన్యుడు కాలేదు. గొప్ప యర్థశాస్త్రజ్ఞుడై, 1971లో నీలకంఠ రథ్ అను సహచరునితో గూడి, భారతదేశపు దారిద్ర్యమును గూర్చి ప్రసిద్ధగ్రంథమును వెలువరించెను. ప్రశ్న యడుగుటకు వెఱవని విద్యార్థి, దానిని విన సిగ్గుపడని గురువు, ఇరువురును పెరిగిరి.

పిదప 1946లో, ప్రాచీనుల యెముకల కొలతలను పరీక్షించుటకు మహలనోబిసుగారి పద్ధతి యెఱిగిన వాడొకడు కావలెనని కేంబ్రిడ్జి నుండి కోరిరి. ఆయన యీ యువకుని పంపెను. అచ్చట ఫిషరు శిష్యునిగా స్వీకరించుటకు రెండు షరతులు పెట్టెను. తన ప్రయోగశాలలో ఎలుకలను పెంచి వాని వంశలక్షణములను పరీక్షింపవలెను. పరిశోధనకు విషయమును తానే వెదకికొనవలెను. రావుగారు రెండింటికిని ఒప్పుకొని 1948లో డాక్టరు పట్టమును పొందిరి. గురువు విషయమును చేతిలో పెట్టలేదు. కాని తన ప్రయోగశాలలో చోటిచ్చెను. స్వాతంత్ర్య మిచ్చుట వేఱు, విడిచిపెట్టుట వేఱు. మన విద్యాలయములలో కొందఱు రెండవదానికి మొదటిదాని పేరు పెట్టుచున్నారు.

తిరిగివచ్చి తామే గురువైన పిమ్మట రావుగారు ఈ నేర్పును మఱువలేదు. 1950 తరువాతి యేండ్లలో ఆ సంస్థయందు వరదరాజన్, రంగారావు, పార్థసారథి, వరదన్ అను నలుగురు యువకులు కూడిరి. వరదన్ 1959లో మద్రాసునుండి వచ్చినపుడు పరిశ్రమలకు పనికివచ్చు సంఖ్యాశాస్త్రమును నేర్వదలచెను. పెద్దవారైన సహాధ్యాయుల సావాసమున అతని మనస్సు శుద్ధగణితమువైపు తిరిగెను. గురువు అడ్డుపడలేదు, నా పొలమునే దున్నుమని నిర్బంధింపలేదు. అతని పరిశోధన వ్యాసమును రష్యా గణితవేత్త కొల్మొగొరోవు పరీక్షకుడుగా నుండి చదివెను. 2007లో ఆ వరదన్‌కు గణితమున అత్యున్నతములలో నొకటియైన ఆబెల్ బహుమానము వచ్చినది. గురువుతోపాటు తోడివిద్యార్థులును విద్య నేర్పుదురని ఈ నలుగురి కథ చాటుచున్నది.

ఇక నేటి మాట. విశ్వవిద్యాలయముల నిధుల సంఘము 2022లో చేసిన నిబంధనల ప్రకారము ఆచార్యు డొక్కడు ఒక్కసారి ఎనమండుగురికి, సహాచార్యుడు ఆర్గురికి, సహాయకాచార్యుడు నలుగురికి మించి పరిశోధకులను తీసికొనరాదు. విద్యార్థి ప్రతి అర్ధసంవత్సరమును ఒక సంఘము నెదుట తన పనిని వివరింపవలెను. నిబంధన మంచిదే. కాని నిబంధన సంఖ్యను నిర్ణయించును, శ్రద్ధను నిర్ణయింపజాలదు. అర్ధసంవత్సరమునకొక సంతకము వేసినంత మాత్రమున గురుత్వము తీఱిపోదు. ఆచార్యపదవులను ఖాళీగా నుంచి, ఉన్నవారిపై నలుగురి పనిని మోపి, శిష్యుల కేల తీరిక యియ్యరని నిందించుటయు న్యాయము కాదు. ఆ పదవులను నింపవలసిన ప్రభుత్వములకును ఈ పాపమున భాగము గలదు.

అయినను, పదవులు నిండువఱకును వేచియుండనక్కఱలేని పనులు కొన్ని గలవు. గురువులారా! వారమున కొక్క గంట శిష్యునికి కేటాయింపుడు. అతడు వ్రాసి యిచ్చినదానిని పదునైదు దినములలో చదివి, తప్పో యొప్పో చెప్పుడు. తెలియని దానిని తెలియదని యొప్పుకొనుడు. శిష్యుడు చేసిన పనిపై ముందు శిష్యుని పేరే యుండనిండు. విద్యార్థులారా! వినయ మనగా మౌనము కాదు. మన యిండ్లలో పెద్దల కెదురు చెప్పరాదని నేర్చితిమి. ప్రశ్న యెదురు చెప్పుట కాదు. తోడివారితో కూడి చదువుడు. చిక్కు వచ్చినపుడు దాచుకొనక చెప్పుడు. పట్టణవాసులారా! మీ యింటనో మీ వీథిలోనో పరిశోధకు డొకడున్నయెడల 'చదువింకెన్నాళ్లు, ఉద్యోగమెప్పు'డని పొడుచుటకు మాఱుగా, 'నీవు వెదకుచున్న దేమి?' అని యొక్కసారి యడుగుడు. ఆ ప్రశ్న అతని కెంత బలమో మీ రెఱుగరు.

రాధాకృష్ణారావుగారు 2023 ఆగస్టు 22వ తేదీన, నూట రెండేండ్ల వయస్సున, అమెరికాయందు పరమపదించిరి. ఆ సంవత్సరమే వారికి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమాన మొసగబడెను. బహుమానమున ముఖ్యముగా పేర్కొనబడినది డెబ్బదియెనిమిదేండ్ల క్రిందటి ఆ 1945 నాటి వ్యాసమే. ఒక తరగతిలో ఒక విద్యార్థి యడిగిన ప్రశ్న అంతకాలము బ్రతికినది. 1947లో మనకు రాజ్యస్వాతంత్ర్యము వచ్చినది. విద్యాస్వాతంత్ర్యము మాత్రము తరగతి తరగతికిని, ప్రశ్న ప్రశ్నకును సంపాదించుకొనవలసినది. నేడును మన విశ్వవిద్యాలయములలో ఎక్కడనో, వెనుకవరుసలో, ఒక దండేకరు కూర్చుండియున్నాడు. అతనిని నిలుచుండి మాటలాడనిచ్చుటయో, కూర్చుండుమనుటయో, మన చేతిలోనే యున్నది.