గౌతమి చుట్టూ ఒక సైకిల్ బాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం గుర్తుగా అందరం కలిసి ఒక సైకిల్ యాత్ర చేయాలని మన కార్యవర్గం తీర్మానించింది. "రోడ్ల ఇంజనీరువి కదా, దారేదో నువ్వే గియ్యవయ్యా" అని అధ్యక్షులవారు ఆ పని నాకు అప్పగించారు. ముప్ఫై ఏళ్లుగా లారీలకూ బస్సులకూ రోడ్లు వేశాను గానీ, సైకిలుకు దారి గియ్యమని అడిగినవాళ్లలో మీరే మొదటివాళ్లు. గీశాను. అదేమిటో చెబుతాను. చివర్లో మీరంతా కలిసి తేల్చాల్సిన విషయం ఒకటుంది, అదీ చెబుతాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది కదా. మన దారి గౌతమి చుట్టూ తిరుగుతుంది. ధవళేశ్వరంలో బయలుదేరి, బ్యారేజీ దాటి బొబ్బర్లంక. అక్కడి నుంచి ఆత్రేయపురం, లొల్ల, వాడపల్లి మీదుగా రావులపాలెం. అక్కడ వంతెన మీద గౌతమిని దాటి జొన్నాడ, కడియపులంక మీదుగా మళ్లీ ధవళేశ్వరం. మొత్తం సుమారు 60 కిలోమీటర్లు.

ఇదే దారిలో ముందు కడియం వైపు వెళ్లి, ఆత్రేయపురం మీదుగా తిరిగి రావచ్చు కదా అని మిత్రులు అడిగారు. రాకూడదు. మన దేశంలో ఎడమ పక్కన నడుస్తాం. నేను చెప్పిన వరసలో వెళితే ముఖ్యమైన మలుపులన్నీ ఎడమకే. రావులపాలెంలో జాతీయ రహదారి ఎక్కేటప్పుడూ ఎడమకే తిరుగుతాం, దిగేటప్పుడూ ఎడమకే దిగుతాం. ఎదురుగా వచ్చే బండికి అడ్డంపడి రోడ్డు దాటే పని ఉండదు. తలకిందులుగా వెళితే ప్రతి చోటా కుడికి కొయ్యాలి. సైకిలువాడికి ప్రమాదం ఎక్కువ అక్కడే. పైగా ఈ వరసలో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గోదారి మన ఎడమ చేతి వైపే ఉంటుంది. క్షేమమూ, అందమూ ఒకే పక్కన దొరకడం అరుదు. దొరికినప్పుడు వదులుకోకూడదు.

ఇక ఎత్తులంటారా, డెల్టాలో కొండలు లేవు. బ్యారేజీ మీదికి, గట్టు మీదికి, వంతెన మీదికి ఎక్కడమే మన ఘాట్ రోడ్డు. ఇక్కడ సైకిలుకు అసలు కొండ గాలి. పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది. అప్పటికి మనం ఉత్తరానికి తిరిగి ఉంటాం కాబట్టి అది వీపు మీద తోస్తుంది. అలసిన కాళ్లకు ఆ సాయం చిన్నది కాదు.

రోజు కూడా చూసే పెట్టాను. సంక్రాంతి రోజుల్లో రోడ్లన్నీ కార్లే. పైగా తెల్లవారుజామున మంచు పడితే పది గజాల అవతల మనిషి కనపడడు. మే నెలలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, లొల్ల లాకుల దగ్గర నీళ్లుండవు. వరదల కాలం సంగతి చెప్పక్కర్లేదు, 1986 ఆగస్టు చూసినవాళ్లం. శనివారమైతే వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనం. అందుకని ఫిబ్రవరిలో ఒక ఆదివారం. దాళ్వా చేలు పచ్చగా ఉంటాయి, కాలువల నిండా నీళ్లుంటాయి. ఉదయం 5.30కి బయలుదేరి, గంటకు 15 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 4 గంటలు, ఆగినచోట్లకు గంటన్నర. 11 గంటలకల్లా ఇంటికి చేరతాం.

ఎక్కడెక్కడ ఆగాలి? మొదట బ్యారేజీ దాటాక. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ ఆ తర్వాతి తరం ఇంజనీర్ల పని. మనం చదివిన చదువుకూ తిన్న అన్నానికీ మూలం ఆ నీళ్లే కాబట్టి ఒక్క నిమిషం నిలబడి చూడాలి. రెండోది ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పిండి నీళ్ల గుడ్డతో ఒక్క దువ్వు దువ్వి రేకు తీసే ఆడవాళ్ల చేతివాటం చూస్తే, మందం కొలిచే మా పరికరాలకు సిగ్గేస్తుంది. ఒక్కొక్కటే తినండి, ఇంకా తొక్కాల్సింది చాలా ఉంది! మూడోది లొల్ల లాకులు. ఒకప్పుడు కాలువల్లో పడవలు నడిచేవి గనక, ఎత్తు తేడా ఉన్నచోట పడవను నీటితోనే పైకెత్తి, నీటితోనే దించడానికి కట్టినవి ఈ లాకులు. పిల్లలకు ఇక్కడ చెప్పే భౌతికశాస్త్రం పాఠం బల్లల మీద కూర్చుని వింటే ఎక్కదు. రావులపాలెంలో అరటిపళ్లు, టీ. చివరగా కడియపులంక నర్సరీలు. అక్కడ తలా ఒక మొక్క కొని, వ్యానులో బడికి పంపిద్దాం.

ఒక జాగ్రత్త. ఏటిగట్టు రోడ్డు కోసం పుట్టలేదు, వరద ఆపడానికి పుట్టింది. వెడల్పు తక్కువ, రెండు పక్కలా వాలు ఎక్కువ, ఇసుక బళ్లు వస్తుంటాయి. కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన తొక్కకండి. ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ల ఎడం. ఖరీదైన గేర్ల సైకిలు అక్కర్లేదు. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించండి, సీటు ఎత్తు సరిచేయించండి, హెల్మెట్ పెట్టుకోండి. మా బ్యాచ్‌లో ముగ్గురికి గుండెలో స్టెంట్లున్నాయి. యాభై దాటినవాళ్లు ముందుగా డాక్టరుకు చూపించుకుని, ఆయన సరేనంటేనే పేరివ్వండి.

ఇప్పుడు అసలు విషయం. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా మనతో మొత్తం దారి తిప్పాలని కార్యవర్గంలో కొందరి కోరిక. రావులపాలెం, జొన్నాడ మధ్య వంతెన మీదికి పిల్లల్ని తీసుకువెళ్లడానికి నేను ఒప్పుకోను. అక్కడ లారీ 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, పిల్లవాడు 12తో వెళతాడు. పెద్ద బండి పక్కనుంచి పోతే ఆ గాలికే సైకిలు ఊగుతుంది. రోడ్డు మీదైతే పక్కకు దిగి తప్పించుకోవచ్చు, వంతెన మీద దిగడానికి చోటుండదు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, లెక్క.

అందుకని నా ప్రతిపాదన ఇది. పిల్లల సైకిళ్లు వ్యానులో, పిల్లలు బస్సులో బొబ్బర్లంక చేరతారు. అక్కడి నుంచి లొల్ల దాకా మనతో తొక్కి, అదే దారిన వెనక్కి వస్తారు. రానూపోనూ సుమారు 30 కిలోమీటర్లు. ప్రతి ఐదుగురికీ ఒక పెద్దమనిషి తోడు. పెద్దవాళ్లం పదేసిమందిమి జట్టుగా, వెనక దీపాలు వెలిగించిన బండితో, పోలీసువారి అనుమతితోనే వంతెన దాటుదాం. అనుమతి రాకపోతే మన సైకిళ్లు కూడా వ్యాను ఎక్కుతాయి.

"అప్పుడు చుట్టు పూర్తికాదు కదండీ" అన్నాడొక తమ్ముడు. తల్లిదండ్రులు మనల్ని నమ్మి పిల్లల్ని పంపుతారు. పంపినవాళ్లందరూ సాయంత్రానికి ఇంటికి చేరితేనే నా లెక్కలో చుట్టు పూర్తయినట్టు. పటంలో గీత కలిసిందా లేదా అన్నది తర్వాతి మాట.

ఈ ప్రతిపాదనకు సభ ఆమోదం కోరుతున్నాను. పేర్లు రాసే పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. చివరగా ఇంకొక్క మాట. యాత్ర అయ్యాక సైకిలును మళ్లీ అటక ఎక్కించేవాళ్లుంటే, దాన్ని దూరం నుంచి నడిచి వచ్చే మన బడి పిల్ల ఒకరికి ఇచ్చేయండి. రోజూ బడికి వచ్చే ఆ దారికి మించిన యాత్ర లేదు.