పతకపు అంచున పేరు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



తెలుగుదేశమున పెక్కు ఇండ్లలో ఒక మాట వినవచ్చుచుండును: "మా ముత్తాత జర్మనీ యుద్ధమునకు పోయెనట, బస్రాలో పనిచేసెనట." అంతకు మించి చెప్పగలవారు అరుదు. ఏ పటాలమో, ఏ సంవత్సరమో, అచట ఏమి చేసెనో తెలియదు. తిరిగిరాని వాని విషయమైనచో ఆ 'అట' కూడ రెండు తరములలో అణగిపోవును. రాజుల వంశములకు శాసనములు కలవు. జమీందారులకు ఆస్థానకవులు కలరు. నెలజీతమునకు సముద్రము దాటిన సిపాయికి ఇంటివారి జ్ఞాపకమే చరిత్ర. ఆ జ్ఞాపకమును కాగితముతో సరిచూచి నిలువబెట్టు మార్గమెట్టిదో విచారించుటయే నేటి ప్రసంగోద్దేశము.

మొదట తెలుగు సిపాయి పూర్వచరిత్రను కొంత జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 18వ శతాబ్దమున ఉత్తరదేశమున కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలుచుచుండిరి. తెలుగువాని పేరే సిపాయికి పేరయ్యెను. అట్టి ప్రఖ్యాతి 19వ శతాబ్దపు చివరి భాగమున తగ్గిపోయినది. కొన్ని జాతులు మాత్రమే యుద్ధమునకు తగినవన్న సిద్ధాంతమును ఆంగ్ల సేనానులు పట్టుకొని, ఉత్తరదేశపు జనులను చేర్చుకొనుచు, మద్రాసు పటాలములను తగ్గించుచు వచ్చిరి. అయినను 1914లో మహాయుద్ధము రాగానే దక్షిణదేశపు మనుష్యులు మరల కావలసి వచ్చిరి. బెంగుళూరు కేంద్రముగా గల మద్రాసు శాపర్లు, అనగా వంతెనలు, దారులు, కందకములు నిర్మించు సైనికులు, మెసపొటేమియాకు పోయిరి. 61వ పయనీర్లును, 63వ పాలంకోట పటాలమును 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవున దిగినవి. నైజాము రాజ్యపు లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేసిరి. వీరిగాక కంచరగాడిదలను తోలినవారు, మూటలు మోసినవారు, వంటవారు, రోగులను మోసినవారు లెక్కకు మించి ఉండిరి. 1923లో భారత ప్రభుత్వము ప్రకటించిన లెక్కలలో మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, పోయిన భారతీయులు 5,88,000 పైచిలుకు. అందు దాదాపు సగముమంది ఆయుధము పట్టనివారు.

ఒక మునిమనుమడు తన ముత్తాత జాడ వెదకబూనెనని అనుకొనుడు. అతడు ముందుగా పోవలసినది ఢిల్లీకి కాదు, లండనుకు కాదు. ఇంటి అటక మీదికి. తొలి ఆధారము పతకము. ఆ యుద్ధమునకు సంబంధించిన బ్రిటిష్ యుద్ధపతకము సాధారణముగా వెండిది. కూలిదళములవారికి మాత్రము అదే పతకమును కంచుతో చేసి యిచ్చిరి. ఒకే యుద్ధము, ఒకే ఎండ, ఒకే జ్వరము. లోహము మాత్రము వేరు! పతకము యొక్క ముఖమును చూచి సంతోషించి మరల పెట్టెలో పెట్టరాదు. దానిని నిలువుగా పట్టి అంచును చూడవలెను. అచట చిన్న ఆంగ్లాక్షరములతో సిపాయి సంఖ్య, హోదా, పేరు, పటాలము చెక్కబడియుండును. ఆ ఒక్క పంక్తి దొరికినచో సగము పని అయినట్లే. కరవుకాలమున కరగి కడియమైన పతకములును కలవు. అట్టియెడ డిశ్చార్జి సర్టిఫికెట్టు, పింఛను కాగితము, పాత ఉత్తరము శరణ్యములు. కొన్ని ఇండ్లలో అరచేతికంటె పెద్దదైన గుండ్రని కంచు ఫలకము ఉండును. అందు బ్రిటానియా దేవి, సింహము, ఒక పేరు కానవచ్చును. హోదా ఉండదు. అది చనిపోయినవాని కుటుంబమునకు ఇచ్చినది. దాని నెరిగినవారు దానిని పతకమని పొరబడరు.

రెండవ చిక్కు పేరు. తెలుగువానికి ఇంటిపేరు ప్రాణము. పటాలపు గుమాస్తాకు అది అనవసరము. కావున పట్టికలలో వెంకటస్వాములు, అప్పలస్వాములు, నరసింహులు కుప్పలుగా ఉందురు. వారిని వేరుపరచునది తండ్రిపేరును, ఊరిపేరును మాత్రమే. ఊరి పేరును ఆంగ్లమున ఎవరి చెవికి తోచినట్లు వారు వ్రాసిరి. ఏలూరు 'ఎల్లోరు' అయ్యెను. కాకినాడ 'కొకనాడ' అయ్యెను. శ్రీకాకుళము 'చికాకోల్' అయ్యెను.

ఇంతకంటె తప్పుదారి పట్టించునది జిల్లా. పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినది 1925లో. కావున మహాయుద్ధమునకు పోయిన తణుకు, ఏలూరు తాలూకాలవాడు కృష్ణా జిల్లావాడుగా వ్రాయబడియుండును. శ్రీకాకుళము ప్రాంతము 1936 వరకు గంజాము జిల్లాలోనిది. ఒంగోలు 1970 వరకు గుంటూరు జిల్లాలోనిది. నేటి జిల్లా పేరుతో వెదకి, లేడని నిరాశపడి మరలినవాడు, పొరుగింటి తలుపు తట్టి తిరిగివచ్చినవానితో సమానుడు.

పటాలము తెలిసినపిమ్మట దాని దారియే సిపాయి దారి. ప్రతి పటాలమును యుద్ధభూమిలో దినచర్య వ్రాసి ఉంచెను. అవి లండనులోని జాతీయ దస్తావేజుల భాండాగారమున భద్రముగా ఉన్నవి; కొన్ని అంతర్జాలమునందును లభించుచున్నవి. ఏ దినమున ఎచట విడిసిరి, ఎన్ని మైళ్లు నడిచిరి, ఏ వాగుపై వంతెన కట్టిరి అను విషయములు అందు కానవచ్చును. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాను వద్ద టైగ్రిసు నది దాటినది ఆ యుద్ధమున ముఖ్యఘట్టము. అందు మద్రాసు శాపర్లకును పాలు కలదు. మార్చి 11న బాగ్దాదు పట్టువడెను. ఇంటిలో 'బస్రా' అని చెప్పుకొనుచున్న మాట వెనుక ఇంత నడక ఉండవచ్చును. ఏలయన, ఓడ దిగిన రేవు పేరే దేశమంతటికిని పేరైనది. పటాలముల పేర్లు 1922లో మారినవన్న సంగతి మరవరాదు. 61వ పయనీర్లు నాడు 1వ మద్రాసు పయనీర్లలో మొదటి పటాలమైరి. 1933లో ఆ పయనీర్లే రద్దయిరి. పాత పేరు కానరానిచోట క్రొత్త పేరుతో వెదకవలెను.

ఆ దినచర్యలను చదువువాని మనస్సునకు ఒక్క విషయము ముల్లువలె నాటును. ఆంగ్లాధికారి గాయపడినచో పేరు వ్రాయబడును. సిపాయి చనిపోయినచో తరచు సంఖ్య మాత్రమే వ్రాయబడును. ఈ భేదము కాగితముతో ఆగలేదు, రాతికిని ఎక్కినది. మెసపొటేమియాలో మరణించి సమాధి తెలియని 40,000 పైచిలుకు జనుల స్మృత్యర్థము 1929లో బస్రాయందు ఒక కట్టడము ఆవిష్కరింపబడెను. ఆ రాళ్లపై ఆంగ్ల సైనికుల పేర్లును, భారతీయాధికారుల పేర్లును చెక్కిరి. భారతీయ సిపాయిల విషయమున పటాలము పేరు చెక్కి, క్రింద ఇందరని సంఖ్య చెక్కిరి! వారి పేర్లు అచ్చుపుస్తకములకు విడువబడినవి.

ఈ అన్యాయమును, దానిని చేసిన సంస్థయే కాలక్రమమున ఒప్పుకొన్నది. 1917లో ఏర్పడి, నేడు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమను పేర నున్న ఆ సంస్థ 2021 ఏప్రిలులో ఒక నివేదిక ప్రకటించెను. మొదటి మహాయుద్ధమున మరణించిన భారతీయులు, ఆఫ్రికావారు మున్నగువారిలో 45,000 మొదలు 54,000 మంది వరకు అసమానముగా స్మరింపబడిరనియు, మరి 1,16,000 మందికి తక్కువగాకుండ, బహుశః 3,50,000 వరకు, పేరు లేకయో, అసలు స్మరణయే లేకయో మిగిలిరనియు అందు కలదు. సంఘము క్షమాపణ చెప్పెను. ఆ సంఘపు పట్టికను నేడెవరైనను అంతర్జాలమున ఉచితముగా వెదకవచ్చును. అయితే అది మృతుల పట్టిక. బ్రతికివచ్చినవాడు అందు కానరాడు. వానికి పతకము, పింఛను కాగితము, పటాలపు కేంద్రము, రాష్ట్ర దస్తావేజుల భాండాగారములే గతి.

వెదకువానికి ఒక పరీక్ష తప్పదు. ముత్తాత కత్తి దూసి శత్రువులను తరిమెనని విని పెరిగినవానికి, పతకపు అంచున 'కూలిదళము' అని కనబడవచ్చును. అప్పుడు కొందరు పతకమును మరల పెట్టెలో పెట్టి, కథనే చెప్పుకొందురు. అది తాతకు చేసిన గౌరవము కాదు. నూటయిరువది డిగ్రీల ఎండలో మూట మోసినవానికి లేని వీరత్వమును అంటగట్టుట, వాడు నిజముగా పడిన కష్టమును దాచుటయే యగును. ఆ యుద్ధము వాని యుద్ధము కాదు, సామ్రాజ్యపు యుద్ధము. ఐనను వాని చెమట వానిదే, వాని మరణము వానిదే. మొదట ఆంగ్లేయుడు వాని పేరు తీసి సంఖ్య పెట్టెను. పిమ్మట వంశీయుడు వాని బ్రతుకు తీసి కథ పెట్టినచో రెండవమారు వానిని పోగొట్టినట్లే.

ఇందు గ్రంథాలయము చేయదగిన పని కలదు. యుద్ధానంతరము ప్రభుత్వము పెక్కు గ్రామములలో, ఆ ఊరినుండి ఇందరు పోయిరి, ఇందరు మరణించిరి అని తెలుపు రాతిఫలకములను నాటించెను. అందును సంఖ్యలే! ఆ సంఖ్యకు పేర్లు కూర్చుట లండనువారికి సాధ్యము కాదు, ఊరివారికే సాధ్యము. గ్రంథాలయమున ఒక గట్టి అట్టపుస్తకము తెరచి, ఊరినుండి యుద్ధములకు పోయినవారి పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, పతకపు అంచుమీది పంక్తి, వృద్ధులు చెప్పిన మాట వేర్వేరు గడులలో వ్రాయింపవలెను. కాగితమున ఉన్నది ఒక గడిలో, విన్నది మరొక గడిలో. ఏ వీధివాడైనను, ఏ కులమువాడైనను, తుపాకి పట్టినను, మూట మోసినను వరుస ఒకటే కావలెను. బస్రా రాతిపై జరిగిన పొరపాటు గ్రామ గ్రంథాలయమున జరుగరాదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము లోకమున అచ్చయిన పుస్తకములను ఊరికి తెచ్చినది. ఇక మీదట ఊరిలో అచ్చుకాని పుస్తకమును లోకమునకు ఇచ్చుగాక! అందు మొదటి పుటలో ఒక సిపాయి పేరు, ఇంటిపేరుతో సహా, వ్రాయబడుగాక!