కార్యాలయములోని కాగితం ప్రజలది
స్థానిక కార్యాలయాల రికార్డులను అడిగి పొందు విధానం
(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైలు నడిపేవారికి, తపాలా మోసేవారికి కాగితం విలువను వేరొకరు చెప్పనక్కరలేదు. రైలు వచ్చిన నిమిషం, పోయిన నిమిషం స్టేషను మాస్టరు రిజిస్టరులో వ్రాయవలెను. ఆర్.ఎం.ఎస్. సార్టరు ప్రతి సంచికి లెక్క చెప్పవలెను. ఒక్క నమోదు తప్పినా మనకు ఛార్జిషీటు వచ్చును. మన ఉద్యోగ జీవితమంతా వ్రాతకు కట్టుబడి సాగుచున్నది.

అట్టి మనమే సెలవు పెట్టుకొని పంచాయతీకో, మునిసిపాలిటీకో, తహసీలుదారు కార్యాలయానికో వెళ్ళినప్పుడు చేతులు కట్టుకొని నిలబడుచున్నాము. “ఫైలు పైన ఉన్నది, రేపు రండి” అన్న ఒక్క నోటిమాటతో తిరిగి వచ్చుచున్నాము. ఆ ఫైలు ఏ బల్ల మీద, ఏ తేదీ నుండి, ఎందుకు ఉన్నదో వ్రాతపూర్వకముగా అడుగు హక్కు మనకు ఉన్నదని మనలో చాలామంది ఎరుగరు. ఎరిగినవారు కూడా అడుగు పద్ధతి తెలియక ఊరుకొనుచున్నారు. నేటి మన ప్రసంగం ఆ పద్ధతిని గురించియే.

ముందుగా మా అనుభవమొకటి చెప్పెదము. మా శాఖలో ఒక ట్రాక్ మెయింటెయినరు, మన పాత మాటలో గ్యాంగ్‌మన్, సర్వీసులో ఉండగానే మరణించినాడు. సర్వీసు రిజిస్టరులో ఆయన భార్య పేరు ఒక రీతిగా, ఆమె గుర్తింపు పత్రాలలో మరొక రీతిగా ఉన్నది. కుటుంబ పింఛను మంజూరు కావలెనన్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆమె స్వగ్రామపు మండల కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకొన్నది. నెలలు గడిచినవి. బస్సు ఛార్జీలకు అప్పు చేసి ఆమె తిరుగుచునే ఉన్నది. అప్పుడు మేము చేసిన పని ఏమి? యూనియన్ లెటరుహెడ్డు మీద, “ఈ నిరుపేద వితంతువునకు న్యాయం చేయ ప్రార్థన” అని ఒక మహజరు వ్రాసినాము. సమాధానం రాలేదు. మరొకటి వ్రాసినాము. దానికీ రాలేదు.

తరువాత తెలిసిన మిత్రుడొకడు మా తప్పు చూపించినాడు. “మీరు న్యాయం అడుగుచున్నారు. న్యాయం ఆయన బీరువాలో ఉండదు. బీరువాలో ఉన్నది ఫైలు. దానిని అడగండి” అన్నాడు. ఆ మాట మీద ఆమె పేరుతోనే సమాచార హక్కు చట్టం క్రింద నాలుగు అంశాలు అడిగినాము. ఫలానా తేదీ దరఖాస్తు ఏ సంఖ్యతో నమోదైనది? అది ఏ ఏ ఉద్యోగి వద్ద ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఉన్నది? దాని మీద వ్రాసిన నోట్సు నకళ్ళు ఇవ్వవలెను. ఇట్టి పత్రం జారీకి కార్యాలయం ప్రకటించిన గడువు తెలుపు కాగితం నకలు ఇవ్వవలెను. సమాధానపు గడువు ముగియక ముందే ధ్రువపత్రము ఆమె ఇంటికి వచ్చినది. మా మహజర్లు చేయలేని పని ఆ నాలుగు వాక్యాలు చేసినవి. ఫైలు ఎవరి వద్ద ఆగినదో కాగితం మీద పెట్టుటకు ఎవరును ఇష్టపడరు గదా!

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి, రాజ్‌నారాయణ్‌కు నడిచిన వ్యాజ్యంలో 1975లోనే సుప్రీంకోర్టు ప్రభుత్వ కార్యాలను తెలిసికొను హక్కు ప్రజలకు ఉన్నదని గుర్తించినది. అయినను చట్టం కాలేదు. దానిని చట్టముగా మార్చుటకు దారి చూపినవారు రాజస్థాన్ గ్రామాల కూలీలు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీలకు కనీస వేతనం ఎందుకు దక్కుట లేదని విచారించి, హాజరు పట్టీలు, అనగా మస్టరు రోళ్ళు చూపమన్నది. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో బహిరంగ విచారణ జరిపి, పంచాయతీ పనుల కాగితాలను ప్రజల ఎదుట చదివినారు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేసినారు. “మా డబ్బు, మా లెక్క” అన్నది వారి నినాదము. తమిళనాడు, గోవాలలో 1997లోను, రాజస్థాన్‌లో 2000లోను రాష్ట్ర చట్టములు వచ్చినవి. దేశమంతటికి సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చినది. కూలిడబ్బు లెక్క అడిగిన కార్మికుల పోరాటంలో పుట్టిన చట్టము గనుక అది మన ఆస్తియే.

ఇక పద్ధతికి వద్దాము.

మొదటిది, ఏమి అడుగవలెను? ప్రశ్న కాదు, పత్రం అడుగవలెను. మన క్వార్టర్ల ప్రక్క మురుగుకాల్వ విషయంలో మేము మొదట “కాల్వ ఎందుకు పూర్తి కాలేదు?” అని వ్రాసినాము. “ఇట్టి సమాచారము మా వద్ద లేదు” అన్న జవాబు వచ్చినది. తప్పు మాదే. ఉన్న రికార్డును ఇవ్వమనియే చట్టం చెప్పుచున్నది. లేని సంజాయిషీని సృష్టించి ఇమ్మని చెప్పుట లేదు. రెండవసారి మంజూరు తీర్మానం, అంచనా పత్రం, కాంట్రాక్టరుకు ఇచ్చిన పని ఉత్తర్వు, కొలతల పుస్తకపు పుటలు, చెల్లించిన బిల్లులు అని పేరు పేరున అడిగినాము. అవి వచ్చినవి. నకళ్ళు తీసికొనుటయే గాక, రికార్డులను స్వయంగా తనిఖీ చేయుటకు, జరుగుచున్న పనిని చూచుటకు, వాడిన సామగ్రి నమూనా తీసికొనుటకు కూడా హక్కు ఉన్నది. ఏ రికార్డు ఉన్నదో తెలియనప్పుడు ముందు తనిఖీ కోరుట మేలు. చూచిన తరువాత కావలసిన పుటలకే నకళ్ళు అడుగవచ్చును.

రెండవది, ఎవరికి వ్రాయవలెను? ప్రతి కార్యాలయంలోను పౌర సమాచార అధికారి ఉండవలెను. ఆయన పేరు తెలియనక్కరలేదు. “పౌర సమాచార అధికారి, ఫలానా పంచాయతీ” అని వ్రాసిన చాలును. పొరపాటున వేరొక కార్యాలయానికి వ్రాసినను, వారు 5 రోజులలో సరియైన చోటికి బదిలీ చేయవలెను. “మాది కాదు” అని త్రిప్పి పంపరాదు.

మూడవది, ఎవరి పేరున వ్రాయవలెను? ఇక్కడ యూనియన్ కార్యకర్తలు తరచుగా పొరపడుచున్నారు. చట్టం హక్కు ఇచ్చినది పౌరునికి, సంఘానికి కాదు. కేవలం యూనియన్ పేరుతో వ్రాసిన దరఖాస్తును తిరస్కరించుటకు అవకాశమున్నది. కార్యదర్శి తన స్వంత పేరు వ్రాసి, సంతకం చేసి, పౌరునిగా అడుగవలెను. ఎందుకు కావలెనో చెప్పనక్కరలేదు. కారణం అడుగుటకు అధికారికి హక్కు లేదు.

నాలుగవది, భాష. ఇంగ్లీషు, హిందీ, లేక ఆ ప్రాంతపు అధికార భాషలో వ్రాయవచ్చును. షోలాపూరులో, నాగపూరులో పనిచేయు మన తెలుగు సోదరుడు అక్కడి మునిసిపాలిటీకి మరాఠీ, హిందీ, ఇంగ్లీషులలో ఒకదానిని ఎన్నుకొనవలెను. స్వగ్రామపు పంచాయతీకి మాత్రం అక్కడ నుండియే తెలుగులో వ్రాసి పంపవచ్చును. వ్రాయలేని వారు నోటితో చెప్పినచో, దానిని వ్రాతలో పెట్టుటకు అధికారియే సహాయపడవలెను. మహారాష్ట్ర, కర్ణాటక నియమాలలో ఒక దరఖాస్తు ఒకే విషయానికి, 150 మాటలకు పరిమితము. కేంద్ర కార్యాలయాలకు సాధారణంగా 500 మాటలు దాటరాదు. కనుక ఆవేదన తగ్గించి, అంశం వ్రాయవలెను.

అయిదవది, రుసుము. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన నియమాలలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కేంద్ర కార్యాలయాలకు 10 రూపాయలు, నకలు పుట ఒక్కింటికి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ పత్రం జతపరచినచో రుసుము అక్కరలేదు. ఇతర రాష్ట్రాలలో మొత్తము, చెల్లించు రీతి వేరుగా ఉండును గావున ముందు విచారించుకొనవలెను.

ఆరవది, రసీదు. చేతికిచ్చినచో నకలు మీద ముద్ర, తేదీ వేయించుకొనవలెను. లేనిచో స్పీడ్‌పోస్టులో పంపి రసీదు భద్రపరచవలెను. తపాలా సోదరులకు ఈ మాట చెప్పుట హాస్యముగా తోచవచ్చును. కాని రసీదు పోగొట్టుకొని అప్పీలులో చిక్కుపడిన వారిలో తపాలా ఉద్యోగులను కూడా మేము చూచినాము.

ఏడవది, గడువు. దరఖాస్తు అందిన 30 రోజులలో జవాబు రావలెను. ప్రాణమునకు, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో రావలెను. గడువు మీరిన తరువాత ఇచ్చు సమాచారానికి నకళ్ళ రుసుము తీసికొనరాదు. జవాబు రాకున్నను, వచ్చినది చాలకున్నను 30 రోజులలోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయవలెను. ఆయన 30 రోజులలో, కారణముంటే 45 రోజులలో తేల్చవలెను. అక్కడను కానిచో 90 రోజులలోపు రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. తిరస్కరణ న్యాయమైనదని నిరూపించు భారము అధికారిదే, మనది కాదు. తగిన కారణము లేక జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల వంతున, 25,000 రూపాయల వరకు కమిషను జరిమానా విధించవచ్చును.

ఇంతవరకు చెప్పినది చట్టపు వెలుగు. నీడ కూడా చెప్పవలెను. కమిషన్లలో ఖాళీలు నింపక, రెండవ అప్పీళ్ళు ఏళ్ళ తరబడి పేరుకొనుచున్నవి. ఖాళీలను సకాలములో నింపవలెనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తీర్పు చెప్పవలసి వచ్చినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారపు మినహాయింపును విస్తరింపజేసినది. దానిని అడ్డుపెట్టి లబ్ధిదారుల జాబితాలు, బిల్లులు దాచు ప్రయత్నం జరుగవచ్చును. అట్టి చోట ప్రజాప్రయోజనం అధికమైనచో ఇవ్వవచ్చునను సెక్షను 8(2)ను మన దరఖాస్తులోనే పేర్కొనవలెను. ఇవ్వరాని భాగమును తొలగించి మిగిలినది ఇమ్మని సెక్షను 10 క్రింద కోరవలెను. కమిషను దూరము గనుక, మన బలమంతా మొదటి దరఖాస్తు సరిగా వ్రాయుటలోనే ఉన్నది.

ప్రతిదానికి ఈ చట్టమే అక్కరలేదు. జనన, మరణ నమోదుల నకళ్ళకు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ప్రత్యేకమైన దారి ఉన్నది. రిజిస్ట్రారు వద్ద వెదకించి, రుసుము చెల్లించి నకలు పొందవచ్చును. అక్కడ పని ఆగినప్పుడు, ఎందుకు ఆగినదో ఫైలులో చూచుటకు సమాచార హక్కును వాడవలెను.

ఇంకొక హెచ్చరిక. కాంట్రాక్టుల లెక్కలు అడిగినవారి మీద ఈ దేశంలో దాడులు జరిగినవి, ప్రాణములు పోయినవి. పూనా ప్రాంతపు భూముల అక్రమాలను బయటపెట్టిన సతీశ్ శెట్టి 2010 జనవరిలో హత్యకు గురియైనాడు. అందువలన ఇట్టి విషయాలలో ఒక్కరిని ముందుకు త్రోయరాదు. ఒకే రికార్డును పలువురు సభ్యులు వేరు వేరుగా అడుగవలెను. ఇంటి చిరునామాకు బదులు పోస్టుబాక్సు సంఖ్య ఇచ్చినను చాలునని కలకత్తా హైకోర్టు 2013లో చెప్పినది. పోస్టుబాక్సు సంగతి మన తపాలా సోదరులకు ఎవరు నేర్పవలెను!

చివరగా, మన మనస్సాక్షికి సంబంధించిన మాట. మనము కౌంటరుకు రెండు ప్రక్కల ఉన్నవారము. కేంద్ర ప్రభుత్వ శాఖలకు ఉద్దేశించిన దరఖాస్తులను స్వీకరించుటకు ఎన్నో పోస్టాఫీసులలో సహాయ పౌర సమాచార అధికారులు ఉన్నారు. రైల్వేలోను ప్రతి డివిజనులో సమాచార అధికారులు ఉన్నారు. ఆ కుర్చీలలో కూర్చున్నది మనవారే. మునిసిపల్ గుమాస్తా మనలను త్రిప్పినప్పుడు కోపగించు మనము, మన కౌంటరుకు వచ్చిన ముసలివానిని “ఇది ఇక్కడ కాదు” అని పంపివేసినచో, మనకు ఆ కోపపు హక్కు ఎక్కడిది? చట్టం ప్రకారం సద్భావముతో సమాచారమిచ్చిన ఉద్యోగికి చట్టమే రక్షణ. పనిభారం ఎక్కువైనదా, సిబ్బంది కొరకు పోరాడుదము. ఆ భారమును ప్రజల నెత్తిన వేయరాదు.

కావున ప్రతి శాఖకు మా సూచన ఇది. యూనియన్ కార్యాలయంలో ఒక రిజిస్టరు తెరవండి. దరఖాస్తు చేసినవారి పేరు, అడిగిన రికార్డు, పంపిన తేదీ, 30వ రోజు, అప్పీలు గడువు, ఫలితము అని గళ్ళు గీయండి. నెలకొక సాయంత్రం ఇద్దరు కార్యకర్తలు కూర్చుండి సభ్యులకు, వారి కుటుంబాలకు, పింఛనుదారులకు దరఖాస్తులు వ్రాసి పెట్టండి. రైలుకు, తపాలాకు లెక్క వ్రాయు చేయి మన బ్రతుకు లెక్కను కూడా వ్రాయగలదు.

ఆ గ్యాంగ్‌మన్ భార్య పింఛను అందుకొన్న నెలలో మా కార్యాలయానికి వచ్చినది. కృతజ్ఞతలు చెప్పుటకని మేము అనుకొన్నాము. ఆమె తన ప్రక్కింటి ఆమెను వెంట తెచ్చినది. “ఈమె కాగితం కూడా ఆగినది బాబూ, దీనిని ఎట్లు అడగవలెనో చెప్పండి” అన్నది. మన రిజిస్టరులో రెండవ నమోదు అట్లు పడినది. మూడవది మీ శాఖలో పడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.