బల్లభ్‌గఢ్ గడపలలో వైద్యవిద్య

ఢిల్లీకి దక్షిణమున, ఫరీదాబాదు జిల్లాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 1965లో సమగ్ర గ్రామీణారోగ్య సేవాపథకమును నెలకొల్పినది. ఆ సంస్థ వైద్యపరీక్షలో ఉత్తీర్ణులైన యువతీయువకులు హౌస్ సర్జన్సీ కాలమున కొంత భాగమును ఇచటి దయాల్‌పూర్, ఛైంసా ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో, పల్లెప్రజల నడుమ గడుపుదురు.

పెద్దాసుపత్రికి రోగి తానై వచ్చును. ఇచటనో, ఆరోగ్య కార్యకర్త వెంట వైద్యుడే కూలితల్లి గడపను వెదకికొని పోవలెను. పసిబిడ్డ భుజమునకు, మోచేతికి నట్టనడుమ కొలపట్టీ చుట్టుదురు. ఆరు నెలలు నిండి అయిదేండ్లు నిండని బిడ్డకు ఆ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో, అది తీవ్ర పోషణలోపమునకు చిహ్నము. విరేచనములైనచో, లీటరు శుభ్రమైన నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లమును పూర్తిగా కలిపి, కొద్దికొద్దిగా త్రాగింపవలెననియు, చనుబాలు మాన్పరాదనియు తల్లికి చెప్పి, చేసి చూపుదురు.

ఆ యింట లీటరు కొలుచు పాత్ర యున్నదా, నీరెచటినుండి వచ్చుచున్నది, ఒకనాటి కూలి మానుకొని ఆ తల్లి ఆసుపత్రికి రాగలదా యను ప్రశ్నలకు ఉత్తరము పాఠ్యగ్రంథములలో దొరకదు. దానిని ఆమె వాకిటనే నేర్చుకొనవలెను. కావున మన తెలుగునాటి హౌస్ సర్జనులును గ్రామసేవాకాలమును సెలవుదినములుగా భావింపక, అట్టి గడపలు త్రొక్కుదురుగాక యని నా హృదయపూర్వక ప్రార్థన.