కోడిపిల్లల బ్రూడరుకు థెర్మోస్టాటు అమర్చుట



గుడ్డునుండి వెలువడిన కోడిపిల్లకు మొదటి రోజులలో తన ఒంటివేడిని తానే నిలుపుకొను శక్తి చాలదు. తల్లికోడి రెక్కలకు బదులుగా మనము బ్రూడరు దీపములు పెట్టుచున్నాము. తెల్లవారుజామున చలి ముదిరిన వేళ కావలివానికి కునుకు పట్టి, దీపములు వెలుగకపోయినచో, పిల్లలు ఒకదానిపై ఒకటి ఎక్కును. అడుగున పడినవి ఊపిరాడక చచ్చును. వేడిని కనిపెట్టి, దీపములను తానే వెలిగించి ఆర్పుచు, మీ సెల్ ఫోనుకు కబురు పంపు థెర్మోస్టాట్లు నేడు దొరకుచున్నవి. కాని వాటిని సరిగా అమర్చినప్పుడే అవి అక్కరకు వచ్చును.

మొదట సెన్సారు సంగతి. దీనిని దూలమునకు కట్టరాదు. వేడిగాలి పైకి పోవును గనుక, పైన వేడి చాలినదని యంత్రము దీపములు ఆర్పును. క్రింద పిల్లలు వణకుచుండును. దీపము క్రిందనే పెట్టినను ఇదే తప్పు జరుగును. హోవరు అంచువద్ద, పరచిన ఊకకు రెండు అంగుళముల ఎత్తున, పిల్ల వీపుతో సమముగా వ్రేలాడదీయవలెను. ప్రక్కనే మామూలు థెర్మామీటరు ఉంచి రెండు లెక్కలు సరిచూడవలెను.

మొదటి వారము 35 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉండవలెను. తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున తగ్గించవలెను. దీపములు ఆరుటకును మరల వెలుగుటకును నడుమ ఒక డిగ్రీ తేడా పెట్టుడు. తేడా లేనిచో అవి క్షణక్షణమును ఆరి వెలుగుచు, రిలే త్వరగా చెడిపోవును.

ఇక కరెంటు బరువు. 250 వాట్ల దీపములు ఎనిమిది కలిపి 2,000 వాట్లు. 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు లాగును. 10 ఆంపియర్లని వ్రాసియున్న చిన్న స్విచ్చిపై రాత్రంతయు ఇంత బరువు మోపుట ప్రమాదము. థెర్మోస్టాటు కాంటాక్టరును నడుపవలెను, కాంటాక్టరు దీపములను నడుపవలెను. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించుడు. ఊక, దుమ్ము ఉన్నచోట నిప్పురవ్వ చాలును.

పిల్లలు రాకముందే మూడు పరీక్షలు చేయుడు. ఒకటి: వైఫై రౌటరును ఆపి చూడుడు. ఇంటర్నెట్టు లేకున్నను థెర్మోస్టాటు తన పని తాను చేయవలెను. చేయనిచో దానిని కొనవద్దు, కొన్నచో మార్చుకొనుడు. రెండు: మెయిన్ స్విచ్చి తీసి మరల వేయుడు. కరెంటు రాగానే పాత అమరికతోనే పని సాగవలెను. మూడు: సెన్సారు తీగ ఊడదీయుడు. అప్పుడు హెచ్చరిక మ్రోగవలెను.

మొదటి వారములో 32కు తగ్గినను, 38కి మించినను ఫోను మ్రోగునట్లు పెట్టుడు. వారము వారము వేడిని తగ్గించినపుడు ఈ హద్దులను కూడ మార్చుట మరువరాదు. కరెంటు పోయినచో రౌటరు కూడ ఆరిపోవును, కబురు రాదు. కావున రౌటరునకును థెర్మోస్టాటునకును బ్యాటరీ ఆధారము ఉండవలెను. దీపములకు బదులుగా బొగ్గుల కుంపటి సిద్ధముగా ఉంచుడు. పొగ, విషవాయువు నిలువకుండ గాలి పోవు దారి విడువుడు.

కడపటి మాట. యంత్రము ఏ అంకె చూపినను, పిల్లల తీరు చూడుడు. హోవరు క్రింద గుంపుగూడినచో చలి. దూరముగా పోయి నోరు తెరచినచో వేడి. ఒకే ప్రక్కకు చేరినచో రెండవ ప్రక్కనుండి ఈదురుగాలి కొట్టుచున్నదేమో చూడుడు. అంతటను సమముగా పరచుకొని మేయుచున్నచో సరియైన వేడి. పండుకొనబోవు ముందు ఒకసారి, వేకువన ఒకసారి షెడ్డులోనికి వెళ్లి కన్నులార చూచుకొనుడు. ఫోను మీకు తోడే గాని, మీకు బదులు కాదు.