ఎండతో పచ్చిక కోత

బెంగళూరులో పచ్చిక కోతతో జీవించేవారికి సౌరశక్తి మంచి ఆసరా. 36 వోల్టుల, 4 ఆంపియర్-గంటల బ్యాటరీలో నిలిచేది 144 వాట్-గంటలే. 1 కిలోవాట్ సౌరఫలకాలు మంచి ఎండలో రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. పెట్రోలు ఖర్చుండదు, చప్పుడూ తక్కువ. రాత్రి పనిచేసి పగలు నిద్రించేవారికి ఇది చిన్న మేలు కాదు.

చిక్కంతా వానాకాలంలోనే. గడ్డి ఏపుగా పెరిగేదీ అప్పుడే, సూర్యుడు ముఖం చాటేసేదీ అప్పుడే. ఒకేసారి మూడో వంతుకు మించి కోస్తే పచ్చిక నీరసిస్తుంది; కనుక కోతను వారాల తరబడి వాయిదా వేయరాదు, అలాగని తడిగడ్డిపై యంత్రాన్ని నడపనూరాదు. తెరిపి దొరికిన పూట బ్యాటరీ నిండుగా ఉండాలి. ఆ నెలల్లో నివాస సంఘాలు మెట్ల కింద ఒక ప్లగ్గును అతనికి వదిలిపెట్టాలి. అందుకు బదులుగా అతడు పక్కనున్న ప్రభుత్వ పాఠశాల ఆవరణను ఉచితంగా కోసిపెట్టవచ్చు.