ఇంటి టీవీకి చిన్న కంప్యూటరు: ఏది కొనాలి?

(యాదగిరిగుట్టలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం 'హోం థియేటర్‌కు కంప్యూటరు'. పేరు వినగానే ముందువరుసలో ఇద్దరు నవ్వారు. సినిమాహాలు కట్టించే సంగతి కాదండీ. పిల్లల పెళ్ళి క్యాసెట్లు సీడీలుగా మార్పించి బీరువాలో పెట్టుకున్నాం. మనవళ్ళ వీడియోలు ఫోనులో అరచేయంత కనబడుతున్నాయి. 2022 మార్చి 28న మన గుట్టమీద ప్రధానాలయం తిరిగి తెరుచుకున్నప్పటి దృశ్యాలు మా ఇంట్లో దాచి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులతో కొండెక్కలేని మా ఆవిడ వాటిని పెద్ద తెరమీద చూడాలంటుంది. ఆ పని చేసే పెట్టె ఒకటి కావాలి, అంతే.

పాత డెస్క్‌టాప్ ఉందిగా, అదే కలుపుకుందామని చాలా ఇళ్ళలో అంటారు. నేను కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక వాట్ల లెక్కే ముందు చెబుతాను. అది 100 వాట్లు లాగుతుందనుకోండి. రాత్రింబవళ్ళు వేసి ఉంచితే నెలకు 72 యూనిట్లు. 6 వాట్లు లాగే చిన్న పెట్టె అదే 30 రోజులకు నాలుగున్నర యూనిట్లు కూడా కాల్చదు. తేడా చిన్నదేమీ కాదు. 2022 నాటి టారిఫ్‌లో వాడకం 200 యూనిట్లు దాటితే పైన వాడినవాటికే కాదు, మొదటి యూనిట్లకు కూడా రేటు మారింది. ఎండాకాలం కూలరు, ఫ్రిజ్ కలిసి 190 దగ్గర నిలబడిన ఇంట్లో ఈ ఒక్క పెట్టె బిల్లును అవతలి గట్టుకు నెట్టేస్తుంది.

ఇక ఏది కొనాలి? మన దగ్గరున్న వీడియోలు, పాటలు, ఫోటోలు చూడటమే పని అయితే రాస్ప్‌బెర్రీ పై 4 చాలు. 2019లో వచ్చిన మోడల్. పేకముక్కంత బోర్డు. 2 జీబీ మెమరీది తీసుకోండి, ఎక్కువది అక్కరలేదు. దానిలో కోడి అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే బొమ్మలతో జాబితా వస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చింది రిమోటు సంగతి. టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీ సదుపాయం ఉంటే టీవీ రిమోటుతోనే దీన్నీ నడపవచ్చు. ఇంట్లో ఆడవాళ్ళు రెండో రిమోటు వెతుక్కోనక్కరలేదు (మగవాళ్ళు కూడాననుకోండి). ఇంటెల్ ఎన్100 చిప్పు ఉన్న మినీ పీసీలు దీనికన్నా చురుకైనవి, ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ పనికొస్తాయి. కానీ చాలావాటికి ఆ రిమోటు సదుపాయం ఉండదు, ధరా ఎక్కువ.

ఒక మెలిక ఉంది. డబ్బు కట్టి చూసే సినిమా సర్వీసులు రాస్ప్‌బెర్రీ పై వంటివాటికి పూర్తి నాణ్యతతో బొమ్మ ఇవ్వవు. కాపీ కాకుండా పెట్టుకున్న తాళమది. వాటికోసమే అయితే గూగుల్ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ పెట్టె కొనండి. మీ టీవీయే స్మార్ట్ టీవీ అయి అన్నీ సరిగా వస్తుంటే అసలేమీ కొనకండి. కొడుకు చెప్పాడని, అల్లుడు చెప్పాడని పెన్షన్ డబ్బు పెట్టనక్కరలేదు.

'జీవితాంతం అన్ని ఛానళ్ళు ఉచితం' అని అమ్మే పేరులేని పెట్టెలున్నాయే, వాటి గురించి గట్టిగానే చెబుతాను. ఇలాంటి కొన్ని చవక పెట్టెలు దొంగ ప్రోగ్రాములతోనే ఫ్యాక్టరీనుంచి వస్తున్నాయని తేలింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ 'బ్యాడ్‌బాక్స్ 2.0' పేరుతో హెచ్చరిక ఇచ్చింది. మన పెన్షన్ పడే బ్యాంకు యాప్ ఉన్న ఫోనూ ఆ వైఫైమీదే నడుస్తుంది కదా! దొంగను ఇంట్లో కూర్చోబెట్టుకుని తలుపుకు గొళ్ళెం పెట్టినట్టే.

మన ఎండలు తెలిసినవే. పెట్టెను అద్దాల షోకేసులో బిగించవద్దు. 80 డిగ్రీలు దాటితే చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగాగి నడుస్తుంది. ఒళ్ళంతా అల్యూమినియం ఉండే డబ్బా వేస్తే ఫ్యాను లేకుండానే వేడి దిగుతుంది. చప్పుడూ ఉండదు, సన్నని మాట కూడా చెవిన పడుతుంది. కరెంటు పోవడం ఇంకో బాధ. మెమరీ కార్డుమీద రాస్తుండగా పోతే కార్డు చెడవచ్చు. ఇన్వర్టరు ప్లగ్గుకు కలపండి, ఆపేటప్పుడు మెనూలోనుంచే ఆపండి. పెళ్ళి వీడియోలు ఆ కార్డుమీద ఉంచనే వద్దు, విడి హార్డ్ డిస్కులో ఉంచి, ఇంకో నకలు పిల్లల దగ్గర పెట్టండి. క్యాసెట్లు మాత్రం పారేయకండి.

1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు 'సైట్' పథకంకింద మన రాష్ట్రంతో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహంద్వారా టీవీ వచ్చింది. ఊరంతటికీ ఒకటే టీవీ, అందరూ దానిముందే. ఇప్పుడు ఒక్క ఇంట్లో నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని నాలుగు మూలల కూర్చుంటున్నాం. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక అరగంటైనా ఒక్కచోట చేరుతున్నాం.

నా పెట్టె, దాని వైర్లు సంచిలో తెచ్చాను. హాలు టీవీకి కలిపి చూపిస్తాను. వాట్లు కొలిచే మీటరూ ఉంది, అనుమానమున్నవారు దగ్గరికొచ్చి చదువుకోవచ్చు. భోజనాలకు ముందే రండి, తర్వాత అందరూ బస్సు టైమంటారు.